నమోదు ఫారంలో లింగం గడి: ఉంచాలా, తీసేయాలా, ఉంచితే ఎలా అడగాలి?

నీలికలం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. పుస్తకాల మీద మాట్లాడుకునే ఒక వెబ్‌సైటు కోసం నేను, మరికొందరు మిత్రులు పనిచేస్తున్నాం. నమోదు ఫారాన్ని కొత్తగా రాయాల్సి వచ్చింది. ఇప్పుడున్న ఫారంలో పేరు, ఈమెయిల్, పుట్టినతేదీ, లింగం, పాస్‌వర్డ్ అడుగుతున్నాం. లింగం దగ్గర రెండే బటన్లు: పురుషుడు, స్త్రీ. పక్కన ఎర్ర నక్షత్రం ఉంది కాబట్టి ఏదో ఒకటి నొక్కనిదే ఖాతా తెరుచుకోదు.

ఈమధ్య ఒక పాఠకుల నుంచి ఉత్తరం వచ్చింది. సమీక్షలు రాయాలని ఖాతా తెరవబోతే, తాము కానిదాన్ని తామని చెప్పుకోవలసి వచ్చిందనీ, అందుకే మానుకున్నామనీ రాశారు. దాంతో మా బృందంలో చర్చ మొదలైంది. ఒకరు మూడో బటనుగా ‘ఇతరులు’ చేర్చితే సరిపోతుందన్నారు. ఇంకొకరు వాడుకలో ఉన్న పేర్లన్నీ జాబితాగా ఇద్దామన్నారు. నాకైతే గడి మొత్తంగా తీసేయాలనే ఉంది. కానీ ఈ విషయంలో అనుభవం ఉన్నవాళ్లను అడగకుండా తేల్చడం ఇష్టంలేక ఇక్కడ పెడుతున్నాను. పాత సభ్యుల సమాచారాన్ని ఏం చేయాలో కూడా చెప్పండి.

సర్వర్‌గది

నీలికలం గారూ, ఎన్ని బటన్లు పెట్టాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ గడిలో నింపిన సమాధానం ఎక్కడెక్కడికి పోతోందో కనుక్కోండి. డేటాబేస్‌లో ఆ కాలమ్ పేరు పట్టుకుని కోడ్ అంతా వెతకండి. దాన్ని చదివే చోట్లన్నీ రాసుకోండి. పాత వ్యవస్థలను బాగుచేయడమే నా పని. చాలాచోట్ల ఆ కాలమ్‌ను చదివేవాళ్లే ఉండరు. ఎప్పుడో ఎవరో మరో సైటు ఫారం చూసి తెచ్చిపెట్టి ఉంటారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు ముట్టుకోకుండా వదిలేసి ఉంటారు.

ఎవరూ చదవకపోతే గడి తీసేయండి, చర్చ అక్కడితో సరి. ఎవరైనా చదువుతుంటే వాళ్లకు నిజంగా కావలసింది ఏమిటో అడగండి. ఉత్తరంలో ఎలా పిలవాలో తెలియాలా? అయితే ‘మిమ్మల్ని ఎలా పిలవమంటారు’ అనే అడగండి. లెక్కలు కావాలా? పేర్లు అడగని సర్వే విడిగా పెట్టండి.

ఒక సాంకేతిక విషయం. లింగాన్ని నమోదు చేయడానికి ఉన్న ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 5218 ప్రమాణంలోనే నాలుగు సంకేతాలున్నాయి: 0 అంటే తెలియదు, 1 పురుషుడు, 2 స్త్రీ, 9 వర్తించదు. ఫోన్ల మధ్య పరిచయ వివరాలు పంపుకునే వీకార్డ్ 4.0 ప్రమాణం 2011లో వచ్చింది. అందులో అయిదు అక్షర సంకేతాలు ఉన్నాయి, మనిషి తన మాటల్లో రాసుకోవడానికి వేరుగా చోటు కూడా ఉంది. బ్రౌజరు తనంతట తాను నింపే గడులకు వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఒక జాబితా ఉంటుంది కదా, అందులోనూ దీన్ని స్వేచ్ఛగా రాసే పాఠంగానే నిర్వచించారు. కాబట్టి కంప్యూటర్‌కు రెండే తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి. రెండుకు కుదించేది ఫారం రాసేవాళ్లే.

వెన్నెలదారి

నేను ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదైన స్త్రీని. ఆ గడి దగ్గర మాకు ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. అప్పటికి నా గుర్తింపు పత్రంలో పాత పేరూ పాత లింగమే ఉన్నాయి, మార్పు కోసం పెట్టుకున్న అర్జీ ఇంకా తేలలేదు. ఫారంలో ‘స్త్రీ’ నొక్కాను. పత్రం సంఖ్య ఎక్కించగానే గడి చుట్టూ ఎర్రగీత పడింది, కింద ‘వివరాలు పత్రంతో సరిపోలడం లేదు’ అని వచ్చింది. వెనక్కి వెళ్లి ‘పురుషుడు’ నొక్కాను. తర్వాతి పేజీ ఫొటో అడిగింది. నా ఫొటో పెట్టాను. పరిశీలించినవాళ్లు అది దరఖాస్తుదారు ఫొటో కాదని తిప్పి పంపారు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే నా గొంతు విని, దరఖాస్తుదారుకు ఫోన్ ఇవ్వమన్నారు. దరఖాస్తు చేసింది నేనేనని ఒప్పించేలోపు గడువు దాటిపోయింది.

అందుకే మూడో బటన్ చేర్చితే చాలని ఎవరైనా అంటే నాకు ఊరట కలగదు. నేను ఇచ్చిన సమాధానాన్ని ఆ తర్వాత ఎవరు దేనితో పోల్చి చూస్తారన్నదే నా భయం. ఇక ‘ఇతరులు’ మాత్రం వద్దండి. ఇద్దరికి పేర్లు పెట్టి పిలిచి, మమ్మల్ని లెక్కలో మిగిలినవాళ్లుగా చూపించే పద్ధతి అది.

పాతబాట

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదు, కానీ నాలా అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెప్పడమే మంచిదనుకుంటున్నాను.

2021లో ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో, పుట్టినప్పుడు నమోదైన లింగమూ ఇప్పటి తమ జెండరూ వేరని చెప్పినవారు 0.5 శాతం. అంత కొద్దిమంది కోసం అందరికీ అలవాటైన ఫారాన్ని మార్చాలా? పేర్ల జాబితా పొడుగ్గా పెడితే నా వయసువాళ్లు ఏది నొక్కాలో తెలియక ఆగిపోతారు.

అంతకన్నా నన్ను వేధించే సంగతి ఇంకొకటి ఉంది. ఇలాంటి సైట్లలో స్త్రీలకు మాత్రమే ఉండే బృందాలుంటాయి. మా అమ్మాయి అలాంటి బృందంలో రాస్తుంది. లింగం గడి తీసేస్తే ఎవరు ఎవరో తెలిసేదెలా? ఆ పిల్లలకు ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా పోతుందేమోనని నా ఆందోళన.

లెక్కలపొత్తం

పాతబాట గారూ, మీరు చెప్పిన అంకె ప్రకటించినదే. 16 ఏళ్లు దాటినవారిలో దాదాపు 2,62,000 మంది అలా చెప్పారు. కానీ దాని వెనక ఒక కథ ఉంది. అది ఈ చర్చకు బాగా పనికొస్తుంది.

అక్కడ అడిగిన ప్రశ్న దాదాపు ఇది: ‘మీరు మీదిగా భావించే జెండర్, పుట్టినప్పుడు నమోదైన మీ లింగమూ ఒకటేనా?’ జవాబు ఇవ్వడం తప్పనిసరి కాదు, అయినా 94 శాతం మంది ఇచ్చారు. తర్వాత ఫలితాలను పరిశీలిస్తే, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లలో ‘కాదు’ అన్న జవాబు అసాధారణంగా ఎక్కువ కనిపించింది. వాళ్లలో కొందరు ప్రశ్నను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటారన్న అనుమానం బలపడింది. చివరికి 2024లో ఆ అంకెలకున్న ఉన్నత స్థాయి గుర్తింపును తగ్గించి, ఇంకా అభివృద్ధి దశలో ఉన్న గణాంకాలుగా ముద్ర వేశారు. ఒక దేశపు గణాంక సంస్థ ఎన్నో పరీక్షలు చేసి రాసిన ఒక్క వాక్యమే ఇంత గందరగోళం చేసింది.

కెనడా అదే ఏడాది జనగణనలో రెండు విడి ప్రశ్నలు వేసింది. పుట్టినప్పటి లింగం ఒకటి, ఇప్పటి జెండర్ ఒకటి. రెండూ చిన్న ప్రశ్నలే. 15 ఏళ్లు దాటినవారిలో 59,460 మంది ట్రాన్స్‌జెండర్లు, 41,355 మంది నాన్‌బైనరీలు (స్త్రీ, పురుషుడు అన్న రెండింటిలోనూ ఇమడనివారు) అని తేలింది. అంటే దాదాపు మూడు వందల మందిలో ఒకరు. లెక్క తీయడానికైతే ఇలా రెండు ప్రశ్నలు వేసే పద్ధతే మేలని నేను అంటాను. అయితే అది జనాభా లెక్కలకు, ఆరోగ్య పరిశోధనలకు తగిన పద్ధతి. ఎవరి పుట్టుక వివరాలైనా అడగడానికి పుస్తకాల సైటుకు ఏ కారణమూ లేదు.

కొద్దిమంది అన్నారు కాబట్టి ఒక మాట. లక్షమంది సభ్యులున్న సైటులో 0.5 శాతం అంటే 500 మంది. మనకు ఆ గడి ఒక్క క్షణంలో దాటిపోయేది. వాళ్లకు ప్రతి సైటులో, ప్రతి కొత్త ఖాతాలో అదే నిలదీత.

మల్లెతీగ

పాతబాట గారూ, స్త్రీల బృందాల గురించి మీ ఆందోళన నాకు అర్థమైంది. అలాంటి బృందం ఒకటి నడుపుతున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఆ బటన్ మమ్మల్ని ఏ రోజూ కాపాడలేదు. వేధించాలని వచ్చేవాడు ‘స్త్రీ’ నొక్కి లోపలికి వస్తాడు, అతన్ని ఆపేది ఏదీ లేదు. మమ్మల్ని కాపాడేవి వేరే ఉన్నాయి: కొత్తవాళ్ల మొదటి కొన్ని వ్యాఖ్యలను చదివి గాని కనపడనివ్వకపోవడం, ఒక్క నొక్కుతో ఫిర్యాదు చేసే వీలు, అపరిచితుల నుంచి వ్యక్తిగత సందేశాలు రాకుండా ఆపుకునే వీలు, ఫిర్యాదు వచ్చిన రోజే చూసే నిర్వాహకులు. మీ అమ్మాయి సైటులో ఇవి ఉన్నాయో లేదో చూడండి.

ఆ గడి వల్ల హాని మాత్రం చూశాను. ప్రొఫైల్‌లో ‘స్త్రీ’ అని అందరికీ కనిపించడంతో, కవిత్వం గురించి ఒక వ్యాఖ్య రాసిన అమ్మాయికి తెల్లారేసరికి పరిచయం చేసుకుందామంటూ వరసగా సందేశాలు. మా బృందంలో చాలామంది అందుకే ‘పురుషుడు’ నొక్కి సభ్యులయ్యారు. నీలికలం గారూ, మీ డేటాబేస్‌లోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. అంటే ఆ కాలమ్‌లో ఉన్నది లెక్కలకు కూడా పనికొచ్చే సమాచారం కాదు.

మా బృందంలో ట్రాన్స్ మహిళలూ ఉన్నారు. వాళ్ల వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది పెట్టినవాళ్లను ప్రవర్తన చూసే పంపించాం.

పత్రరచన

సమాచార గోప్యత చట్టాలతో పనిచేస్తాను. సరిగ్గా ఈ గడి గురించే న్యాయస్థానాలు మాట్లాడాయి.

ఐరోపా సమాఖ్య గోప్యతా నిబంధనల్లో అయిదో అధికరణం, చెప్పిన ప్రయోజనానికి అవసరమైన సమాచారమే సేకరించాలంటుంది. ఫ్రాన్స్‌లో రైలు టికెట్లు అమ్మే సైటు ప్రతి ప్రయాణికుణ్ణీ ‘శ్రీ’ లేదా ‘శ్రీమతి’ ఎంచుకోమని బలవంతపెడుతోందని ఒక సంఘం ఫిర్యాదు చేసింది. అది చివరికి ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 జనవరి 9న తీర్పు వచ్చింది: టికెట్ అమ్మడానికి ఆ సమాచారం అనివార్యం కాదు, ఎవరికైనా సరిపోయే మర్యాదవాక్యంతో ఉత్తరం రాయవచ్చు. జర్మనీలో అంతకుముందే, 2022లో, ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నత న్యాయస్థానం ఇలాంటి వ్యాజ్యంలోనే నాన్‌బైనరీ వ్యక్తికి 1,000 యూరోల పరిహారం ఇప్పించింది. అక్కడా రైలు టికెట్ల ఫారమే.

అయితే చట్టం కన్నా నాకు ఎక్కువ పట్టింపు ఉన్న విషయం వేరు. మీరు ఒక మనిషి గురించి దాచుకున్న సమాచారం, దాన్ని సేకరించిన కాలం కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. అమెరికా పాస్‌పోర్టుల్లో 2022 ఏప్రిల్ నుంచి స్త్రీ, పురుషుడు అన్న గుర్తులకు బదులు ‘ఎక్స్’ ఎంచుకునే వీలు వచ్చింది. 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే అది ఆగిపోయింది. అప్పటికే ఆ గుర్తు ఎంచుకున్నవారి వివరాలు ప్రభుత్వ రికార్డుల్లోనే ఉన్నాయి. ఈరోజు మంచి మనసుతో ‘ట్రాన్స్‌జెండర్’ అన్న గడి పెట్టి నింపించుకుంటారు. రేపు మీ డేటాబేస్ బయటికి పొక్కితే, ఇంట్లో ఎవరికీ చెప్పుకోని సభ్యుల పేర్లు ఒక జాబితాగా ఎవరి చేతిలోనో పడతాయి. ఆ జాబితా తయారు కాకుండా చూడటం మీ చేతిలో ఉంది.

రాత్రివిధి

నేను ఆసుపత్రిలో నర్సును. అన్నిచోట్లా తీసేయండి అని మాత్రం అనకండి, మాకు ఆ సమాచారం కావాలి. కానీ మా ఫారాలు కూడా తప్పుడు ప్రశ్నే అడుగుతున్నాయి.

హిమోగ్లోబిన్ చూడండి. రక్తపరీక్ష నివేదికలో స్త్రీలకు ఒక పరిధి, పురుషులకు ఒక పరిధి ముద్రిస్తారు. పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ వాడుతున్న ట్రాన్స్ పురుషుడికి (పుట్టినప్పుడు ఆడబిడ్డగా నమోదైన పురుషుడికి) హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఫారంలో ‘స్త్రీ’ అని ఉంటే, అతని స్థితికి మామూలుగా ఉన్న అంకె పక్కన ఎక్కువ అన్న గుర్తు పడుతుంది. ‘పురుషుడు’ అని ఉంటే వేరే చోట ప్రమాదం. ఇంగ్లండ్‌లో వైద్యుల దగ్గర పురుషుడిగా నమోదైనవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మనే పిలుపు తనంతట తాను వెళ్లదు. గర్భాశయం ఉన్న ట్రాన్స్ పురుషులు తామే గుర్తుపెట్టుకుని అడిగి చేయించుకోవాలి.

మాకు కావలసింది ఏ అవయవాలున్నాయి, ఏ హార్మోన్లు వాడుతున్నారు, ఏ శస్త్రచికిత్సలయ్యాయి అన్న వివరాలు. వాటితో పాటు, గదిలోకి పిలిచేటప్పుడు ఏ పేరుతో పిలవాలో తెలియాలి. ఒకే గడి ఇవన్నీ మోయలేదు. నిరీక్షణ గదిలో నిండుగా జనం ఉండగా పాత పేరు గట్టిగా పిలిస్తే, లేచి రావడానికి ఆ మనిషి పడే యాతన నేను చూశాను. కొందరు లేవరు. వైద్యం చేయించుకోకుండానే వెళ్లిపోతారు.

సర్వర్‌గది

రాత్రివిధి గారు చెప్పింది మా రంగంలోనూ నిజం. ఒక గడిని మరో ప్రయోజనానికి వాడుకుంటే ఎంత దూరం పోతుందో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 2020 జులైలో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్ దీవి మయోర్కాకు వెళ్లిన ఒక బోయింగ్ 737 విమానంలో, ప్రయాణికుల బరువును సాఫ్ట్‌వేర్ పేరు ముందున్న సంబోధనను బట్టి లెక్కగట్టింది. ‘మిస్’ అని ఉన్న వయోజన స్త్రీలను పిల్లలుగా తీసుకుని, 69 కిలోలకు బదులు 35 కిలోలు వేసింది. అలా 38 మంది. కాగితం మీద చూపిన బరువు అసలు బరువు కన్నా 1,244 కిలోలు తక్కువ. విమానం క్షేమంగానే వెళ్లింది. బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం దీన్ని తీవ్రమైన సంఘటనగా నమోదు చేసింది.

రెండో సంగతి, పొడుగు జాబితాల గురించి. ఫేస్‌బుక్ 2014 ఫిబ్రవరిలో యాభైకి పైగా జెండర్ పేర్లు ఇచ్చింది, ఏడాది తర్వాత సొంత మాటల్లో రాసుకునే గడి కూడా ఇచ్చింది. చాలామంది సంతోషించారు, అందులో అర్థముంది. కానీ ప్రకటనలు ఇచ్చేవాళ్లకు కనిపించిన ఎంపికలు పురుషులు, స్త్రీలు, అందరూ అన్నవే. ముందు గదిలో యాభై, వెనక గదిలో రెండు. అందుకే ఫారం అందంగా మార్చి వెనక పట్టికను అలాగే ఉంచకండి. డయాస్పోరా అనే సామాజిక వేదిక 2010లోనే ఆ గడిని ఖాళీ పాఠంగా మార్చింది. 

దారిమలుపు

నేను ట్రాన్స్ పురుషుణ్ణి. ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను, ఒక్క విషయం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

‘పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్’ అని మూడు బటన్లు పెట్టి కలుపుకుపోయామనుకునే సైట్లు చాలా ఉన్నాయి. ఆ మూడింట్లో నేను ఏది నొక్కాలి? నేను పురుషుణ్ణి. ట్రాన్స్ అన్నది నా చరిత్ర. మూడో బటన్ అక్కడ ఉండటమే మొదటి బటన్ నాది కాదని చెబుతోంది. భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ తీర్పులో మూడో జెండర్‌ను గుర్తించింది. అదే తీర్పులో, తాము పురుషులమనో స్త్రీలమనో చెప్పుకునే హక్కు కూడా ట్రాన్స్‌జెండర్లకు ఉందని చెప్పింది. మొదటి సగం అందరికీ గుర్తుంది, రెండో సగం ఫారాల దాకా రాలేదు. అర్జెంటీనా 2012 చట్టంలో వైద్యుడి పత్రం గానీ శస్త్రచికిత్స గానీ అడగకుండా మనిషి మాటనే ప్రమాణంగా తీసుకున్నారు. ఒక దేశం పౌరుడి మాట నమ్మగలిగినప్పుడు పుస్తకాల సైటు నమ్మడానికి ఇబ్బంది ఏమిటి?

వెన్నెలదారి

దారిమలుపు గారూ, మీతో సగమే ఏకీభవిస్తాను. మీకు ఆ మాట చరిత్ర. నాకు అది ఇప్పటి జీవితం, నేను నిలబడి చెప్పుకునే పేరు. ‘స్త్రీ’ అని మాత్రమే రాయమంటే నాలో కొంత దాచమన్నట్టే ఉంటుంది. నా స్నేహితుల్లో రెండు పేర్లలోనూ ఇమడనివాళ్లు ఉన్నారు, ఈ ప్రశ్నే తమకు వద్దనేవాళ్లూ ఉన్నారు. మా అందరికీ కలిపి ఒక జాబితా రాయడం మా వల్లే కాదు, ఫారం రాసేవాళ్ల వల్ల ఎలా అవుతుంది?

అందుకే ప్రొఫైల్‌లో ఒక ఖాళీ గడి చాలు. రాయాలనుకున్నవాళ్లు రాస్తారు. లెక్కల కోసం తప్పక జాబితా కావాలనే సర్వేల్లో అయితే ఒకటి కన్నా ఎక్కువ ఎంచుకునే వీలు ఇవ్వండి. అప్పుడు నేను ‘స్త్రీ’నీ ‘ట్రాన్స్‌జెండర్’నూ రెండింటినీ నొక్కుతాను, మీరు ‘పురుషుడు’ మాత్రం నొక్కుతారు.

దారిమలుపు

అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ‘చెప్పదలచుకోలేదు’ అన్నది కూడా ఉండాలి. దాన్ని ఎంచుకున్నవాళ్లను తర్వాత మళ్లీ మళ్లీ ‘మీ ప్రొఫైల్ అసంపూర్ణంగా ఉంది’ అని తొందరపెట్టకూడదు.

పాతబాట

మల్లెతీగ గారు చెప్పిన రక్షణల గురించి మా అమ్మాయితో మాట్లాడాను. వ్యక్తిగత సందేశాలు ఆపుకునే వీలు ఉందట, ఆ బటన్ తనకెప్పుడూ పనికిరాలేదట. ఆ విషయంలో నా అభ్యంతరం ఇక లేదు. పొడుగు జాబితా లేకపోతే నా వయసువాళ్లకూ ఇబ్బంది లేదు.

ఒక్క సందేహం మిగిలింది. సైటు తెలుగులో ఉంది కదా. ‘ఫలానావారు మీ సమీక్షకు జవాబిచ్చారు’ అని సూచనలు వస్తుంటాయి. లింగం తెలియకపోతే క్రియ ఎలా రాస్తారు?

మల్లెతీగ

మీరు రాసిన వాక్యంలోనే జవాబుంది. ‘ఇచ్చారు’ అనే రాయాలి. పేరు చివర ‘గారు’ పెడితే మర్యాద కూడా. అన్ని సూచనలనూ ఆ రూపంలోకి మార్చడం ఒక పూట పని.

నీలికలం

సర్వర్‌గది గారు చెప్పినట్టే కోడ్ అంతా వెతికించాం. ఆ కాలమ్‌ను చదివేవి మూడు చోట్లు. ఏడాదికోసారి తయారయ్యే నివేదికలో ఒక వృత్తపటం ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఈమెయిల్ నేపథ్య రంగు ఉంది: గులాబీ లేదా నీలం. మూడోది చూసి బృందమంతా కాసేపు మాట్లాడలేకపోయాం. ప్రకటనలు అందించే ఒక సంస్థకు ప్రతి రాత్రీ వెళ్లే ఫైలులో సభ్యుల వయసుతో పాటు లింగం కూడా పోతోంది. దాన్ని ఎవరు చేర్చారో ఇప్పుడున్నవాళ్లకు తెలియదు.

ఆ ఫైలును ఈరోజే ఆపేశాం. పటం, రంగు రెండూ తీసేస్తున్నాం. నమోదు ఫారంలో లింగం గడి ఉండదు. పుట్టినతేదీ కూడా తీసేసి, వయోపరిమితి కోసం ఒక ధ్రువీకరణ మాత్రం ఉంచుతున్నాం. ప్రొఫైల్‌లో ‘నా గురించి’ కింద ఖాళీ గడి ఒకటి ఉంటుంది, రాయడం రాయకపోవడం సభ్యుల ఇష్టం. రాసినది మొదట తమకే కనిపిస్తుంది, అందరికీ కనపడాలంటే తామే మార్చుకోవాలి. ఇక పాత సమాచారం మిగిలింది. కాలమ్ చెరిపేస్తే చాలా?

పత్రరచన

చాలదు. కాలమ్ ఒకచోట ఉన్నా దాని నకళ్లు పదిచోట్ల ఉంటాయి. రోజువారీ బ్యాకప్‌లు, సర్వర్ లాగ్‌లు, పాత నివేదికల కోసం ఎవరో దించుకున్న ఫైళ్లు, సందర్శకుల కదలికలు లెక్కించే సాధనం, అన్నిటికీ మించి ఆ ప్రకటనల సంస్థ. ఇప్పటిదాకా వెళ్లినదంతా చెరిపేయమని ఆ సంస్థకు రాతపూర్వకంగా అడగండి, చెరిపినట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బ్యాకప్‌లను ఇప్పుడు విప్పి మార్చలేకపోతే, అవి ఏ తేదీకి కాలం తీరిపోతాయో సభ్యులకు చెప్పండి. ఇంతకాలం ఏ సమాచారం ఎక్కడికి వెళ్లిందో కూడా వాళ్లకు చెప్పాలి. అది తెలుసుకునే హక్కు వాళ్లది.

వెన్నెలదారి

నీలికలం గారూ, గడి పోయినందుకు సంతోషం. ఇంకొక్కటి అడుగుతాను, నాకు అది లింగం గడి కన్నా ముఖ్యం. పేరు మార్చుకునే వీలు ఎక్కడ పెడుతున్నారు? చాలా సైట్లలో పేరు మార్చాలంటే నిర్వాహకులకు ఉత్తరం రాసి కారణం చెప్పాలి, ఒక్కోచోట పత్రాలు కూడా అడుగుతారు. మారిన తర్వాత కూడా పాత వ్యాఖ్యల మీద, పేజీ చిరునామాలో, నన్ను ఉటంకించిన వేరేవాళ్ల వ్యాఖ్యల్లో పాత పేరే వేలాడుతూ ఉంటుంది. కొన్ని సైట్లు ‘గతంలో ఫలానా పేరు’ అని అందరికీ కనిపించేలా చూపిస్తాయి. నేను వదిలేసి వచ్చిన పేరును నా పక్కనే రాసి పెట్టే పద్ధతి అది.

సర్వర్‌గది

దీనికి మార్గం కష్టమేమీ కాదు. పేజీ చిరునామాలో పేరు వాడకండి, మార్పు లేని సంఖ్య వాడండి. ప్రతి వ్యాఖ్యలోనూ పేరును నకలు చేసి దాచకండి, సభ్యుల సంఖ్యనే దాచి, చూపించేటప్పుడు ఇప్పటి పేరు తెచ్చుకోండి. ఉటంకింపులకూ ఇదే పద్ధతి. పేరు మార్చుకునే గడి సెట్టింగుల్లో మొదటి వరుసలో ఉండాలి, కారణం అడగకూడదు. దుర్వినియోగాన్ని అడ్డుకోవడానికి పేర్ల చరిత్ర నిర్వాహకులకు కావాలంటే, వాళ్లలో ఇద్దరికి మించి చూడలేని చోట ఉంచి, కొంతకాలానికి చెరిపేయండి.

నీలికలం

పరీక్ష ప్రతి సిద్ధమైంది. ప్రొఫైల్ గడి మీద ఇలా రాశాం: ‘మీ గురించి మీరు చెప్పాలనుకున్నది (తప్పనిసరి కాదు). మీరు మార్చేవరకూ ఇది మీకు మాత్రమే కనిపిస్తుంది.’ పేరు మార్పు సెట్టింగుల్లో మొదటి వరుసలోనే ఉంది. ఓపిక ఉన్నవాళ్లు ఒక పరీక్ష ఖాతా తెరిచి చూసి చెప్పగలరా?

వెన్నెలదారి

చూశాను. పేరు మార్చగానే ప్రొఫైల్‌లో, పాత వ్యాఖ్యల్లో, ఉటంకింపుల్లో మారిపోయింది. ఒకచోట మారలేదు. మల్లెతీగ గారు నా వ్యాఖ్యకు జవాబు రాశారు. దాని గురించి నాకు వచ్చిన ఈమెయిల్ విషయపంక్తిలో పాత పేరే ఉంది. ఫోను తెర మీద సూచనగా పైకి కనిపించేది సరిగ్గా ఆ పంక్తే. పక్కన కూర్చున్నవాళ్లు కూడా చదవగలరు.

సర్వర్‌గది

ఈమెయిల్ పంపే వరుసలో పేరును ముందుగానే రాసి పెట్టుకుంటున్నట్టుంది. వరుసలో సభ్యుల సంఖ్య మాత్రం ఉంచి, పంపే క్షణంలో పేరు తెచ్చుకునేలా మార్చండి. వారానికోసారి వెళ్లే సంచిక ఈమెయిల్‌కు కూడా ఇదే వరుస వాడుతుంటే, దాన్నీ చూడండి.

నీలికలం

రెండింటికీ అదే వరుస. ఇప్పుడే సరిచేశాం. వెన్నెలదారి గారూ, వీలైతే పేరు మరోసారి మార్చి, ఎవరి చేతనైనా ఒక జవాబు రాయించి చూడండి.